వెలుగుల వెంట మామ్మగారు

మామ్మగారి పెద్దకర్మ రోజు సాయంత్రం భోజనాలన్నీ అయిపోయాయి. బంధువులు షామియానా కింద కుర్చీల్లో చేరగిలబడి, ఇక బయల్దేరాలి అనుకుంటూనే కదలకుండా కూర్చున్నారు. ఆవిడ మేనకోడలు ఒకావిడ ఉన్నట్టుండి లేచి నిలబడి "అదుగో, అదుగో" అంది. అందరం తలెత్తి చూశాం. ఇంటి డాబా మీదుగా ఒక తెల్లటి వెలుగు నెమ్మదిగా పైకి లేచింది. కాస్త ఎత్తుకు వెళ్ళి అక్కడే ఆగింది.

"అత్తయ్యే! ఇన్నాళ్ళూ ఇల్లు వదల్లేక ఇక్కడిక్కడే తిరిగి, కర్మ పూర్తయ్యాక ఇవాళ వెళ్ళిపోతోంది" అంటూ ఆవిడ చేతులు జోడించింది. ఆ మాట విని పక్కవాళ్ళూ జోడించారు. తాతగారు కుర్చీలోంచి లేవబోయి తూలితే ఎవరో పట్టుకున్నారు.

సరిగ్గా అప్పుడే ఎదురింటి అక్కయ్యగారు మంచినీళ్ళ బిందె చంకనెత్తుకుని గేటు దాటి వస్తున్నారు. అందరూ పైకి చూడటం చూసి ఆవిడా ఒకసారి చూశారు. "కాదండీ. అది వెనకవీధి పెళ్ళివారి డ్రోను. పెళ్ళికొడుకుని ఊరేగిస్తున్నారు, ఫొటోలు తీసుకుంటున్నారు. బ్యాండు వినపడ్డం లేదూ?" అన్నారు. చెవులు రిక్కిస్తే నిజంగానే వినపడింది.

"ఇలాంటి రోజున అలా తీసిపారెయ్యకూడదమ్మా" అంది మేనకోడలు చిన్నబుచ్చుకుని.

"ఏం చెయ్యనండీ, ఆవిడ ఉంటే ఈపాటికి పెళ్ళివారింటికి వెళ్ళి చూసొచ్చేవారు" అని అక్కయ్యగారు బిందె దించి అందరికీ నీళ్ళు ముంచి ఇవ్వడం మొదలుపెట్టారు. నాకు నవ్వొచ్చింది. వెంటనే ఏడుపొచ్చింది. మామ్మగారు పోయారన్న సంగతి ఆ పది రోజుల్లో నాకు నిజంగా తెలిసింది అప్పుడే.

నిడదవోలులో మామ్మగారి ఇంటి పై వాటాలో మేం అద్దెకు దిగి చాలా ఏళ్ళయింది. మా ఆయనది రైల్వేలో ఉద్యోగం, నాది సొసైటీ ఆఫీసులో. ఇల్లు చూడ్డానికి వెళ్ళిన రోజున మామ్మగారు పెట్టిన షరతు ఒక్కటే. "డాబా మీదికి మెట్లు మీ వరండాలోంచే ఉన్నాయమ్మా. రోజూ సాయంత్రం నేను పైకి వస్తుంటాను. ఏమీ అనుకోకూడదు." వడియాలు పెట్టుకోవడానికి కాబోలు అనుకుని సరేనన్నాను. వడియాలూ లేవు, అప్పడాలూ లేవు. ఆవిడ వచ్చేది ఆకాశం చూడ్డానికి.

మనిషి పొట్టి, కాస్త బొద్దు. మోకాళ్ళు సహకరించేవి కావు. రెండు చేతులతో కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కుతూ, మా వరండాలో ఆయాసం తీర్చుకునే నెపంతో ఆగి, నా వంటింటి వాసన బట్టి తీర్పులు చెప్పేవారు. "పోపు మాడింది." "ఇంగువ ఎక్కువేశావు." అద్దెకున్న పాపానికి రోజూ ఈ పరీక్ష ఏమిటా అని మొదట్లో ఒళ్ళు మండేది. తర్వాత తర్వాత, ఒకరోజు ఆవిడ ఏమీ అనకుండా పైకెళ్ళిపోతే, కూర బాగాలేదేమోనని నేనే రుచి చూసుకునే స్థితికి వచ్చాను.

పైకెళ్ళాక నీళ్ళ ట్యాంకు గొట్టం ఒక చేత్తో పట్టుకుని, ఒక కన్ను మూసి, ఊరి చుట్టూ ఒకసారి చూసేవారు. కాలువ వైపు, స్టేషను వైపు, చేల వైపు. ఏదైనా వెలుగు కొత్తగా కనపడిందంటే ఇక ఆ పూట తాతగారికి భోజనం ఆలస్యమే. ఆవిడ చూడకపోయినా వీధిలో ఎవరో ఒకరు చూసి పరిగెత్తుకుంటూ వచ్చేవారు. పళ్ళేలా ఉందని ఒకరు, నిప్పుముద్దలా ఉందని ఒకరు, ఫోన్లో పట్టిన మసక వీడియో పట్టుకుని ఇంకొకరు. మామ్మగారు వీడియో చూసేవారు కాదు. చెప్పినవాళ్ళని డాబా మీదికి తీసుకెళ్ళి "ఎక్కడో వేలు పెట్టి చూపించు" అనేవారు. వాళ్ళు చెయ్యి చాచగానే వెనక్కి వెళ్ళి, వాళ్ళ భుజానికి తన చెంప ఆనించి, ఆ చేతి పొడవునా చూసేవారు. పరాయివాళ్ళని లేదు, పెద్ద ఉద్యోగమని లేదు. పక్కవీధి బ్యాంకు మేనేజరుగారు ఒకసారి ఇలాగే చెయ్యి చాచి, మామ్మగారి చెంప తగలగానే బిగుసుకుపోయి, ఆవిడ చూడ్డం పూర్తయ్యేదాకా ఊపిరి తీసుకోలేదు.

తర్వాత ఒక ప్రశ్న అడిగేవారు. "కనపడిందా, అనిపించిందా?"

చాలామంది అక్కడే తడబడేవారు. అనిపించిందన్న వాళ్ళకి ఒక మంచినీళ్ళ గ్లాసు ఇచ్చి పంపేవారు. కనపడింది అని గట్టిగా అన్నారో, మామ్మగారు చెప్పులు వెతుక్కునేవారు. "అయితే వెళ్ళి చూసొద్దాం పద, అమ్మాయ్." ఆ అమ్మాయిని నేను. ఎందుకంటే స్కూటీ నాది. తాతగారికి బజార్లో ఇత్తడి సామాన్ల కొట్టు, ఆయనకి సైకిలు తప్ప మరొకటి రాదు. ఆఫీసు నుంచి వచ్చి ముఖం కడుక్కుని టీ గ్లాసు నోటికి ఆనించే వేళకి కింద నుంచి ఆ కేక వినపడేది. రానని చెబుదామని ఎన్నిసార్లు మెట్లు దిగానో, అన్నిసార్లూ బండి తాళం చేతిలోనే ఉండేది.

వెనక పక్కకి తిరిగి కూర్చుని, నా నడుం చుట్టూ ఒక చెయ్యి వేసి, రెండో చేత్తో దారి చూపించేవారు. ఆ చెయ్యి ఎప్పుడూ ఆకాశంలోనే ఉండేది, రోడ్డు మీద ఉండేది కాదు. "ఎడమకి తిప్పు" అంటే అక్కడ కాలువ ఉండేది. మొదటిసారి నన్ను అలా తీసుకెళ్ళింది ఊరి బయట చేల మీద సంజవేళ ఎర్రగానూ పచ్చగానూ మెరుస్తూ, కదలకుండా నిలబడిపోయిన దీపం కోసం. వీధి వీధంతా తలుపులు వేసుకుంది. తీరా వెళ్ళి చూస్తే, ఎవరో రైతు వరికి మందు కొట్టించడానికి డ్రోను తెప్పించుకున్నాడు. గాలి తగ్గేదాకా ఆగి సాయంత్రం మొదలుపెట్టారట. మామ్మగారు దాన్ని కిందికి దింపించి, చుట్టూ తిరిగి చూసి, రెక్కలు లెక్కపెట్టి, "దోమల మందు కూడా ఇలాగే కొడుతుందా బాబూ? మా వీధిలో ఒకసారి తిప్పుతావా?" అని అడిగారు. ఆ కుర్రాడు మర్యాదగా నవ్వాడు. ఆవిడ మాత్రం నవ్వులాటకి అడగలేదు.

ఇంకోసారి కొబ్బరిచెట్టు మట్టల్లో తెల్లటి గుడ్డ, దానికి వేళ్ళాడుతూ ఒక పెట్టె. బాంబు అన్నారు, పై లోకం వాళ్ళదన్నారు, పోలీసులు వచ్చేదాకా దగ్గరికి పోవద్దన్నారు. మామ్మగారు పోలీసులకంటే ముందే చెట్టు కింద ఉన్నారు. దింపితే, వాతావరణం కొలవడానికి వదిలే బెలూనుకి కట్టిన పెట్టె అని దాని మీదే ఇంగ్లీషులో రాసుంది. పోలీసులు అది పనికిరాదని వదిలేసి వెళితే మామ్మగారు ఇంటికి తెచ్చుకుని అందులో వెల్లుల్లిపాయలు పోసుకున్నారు. పెళ్ళిళ్ళలో ఎగరేసే కాగితం దీపాలు ఆరిపోయి పడితే, వాటి తీగచుట్టలు మజ్జిగ కుండకి కుదురుగా వాడేవారు. ఆ ఇంట్లో ఏ వస్తువు ఆకాశంలోంచి పడిందో ఏది బజార్లో కొన్నదో నాకు చివరిదాకా పూర్తిగా తెలియలేదు.

అన్నీ ఇలా చేతికి చిక్కేవి కావు. ఒక చలికాలం పడమటి దిక్కున పెద్ద వెలుగు, సంజవేళకి వచ్చి నిలబడేది. స్టేషను మీద ఉందన్నారు. స్టేషనుకి వెళితే లైను అవతల ఉంది. అవతలికి వెళితే పక్క ఊరి మీద ఉంది. పక్క ఊరికి వెళ్ళాక బండిలో పెట్రోలు అయిపోయింది. శుక్రగ్రహమండీ అని నేను ముందునుంచీ చెబుతూనే ఉన్నాను. "అయితే అవుతుంది, కాస్త దగ్గరికి వెళితే ఇంకా బాగా కనపడుతుందిగా" అన్నారు. పెట్రోలు సీసా కోసం మా ఆయనకి ఫోను చేస్తుంటే పక్కన మైలురాయి మీద కూర్చుని, తీరిగ్గా చూసుకుంటూ, "ఎంత శుభ్రంగా ఉందో చూడవే" అన్నారు. నాకు ఆ పూట ఆవిడ మీద వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఇప్పుడు తలుచుకుంటే ఆ వెలుగుని నేను జీవితంలో సరిగ్గా చూసింది ఆ ఒక్కసారే.

వీధిలో అందరికీ ఆవిడంటే ఇష్టమేనని చెప్పలేను. రామాలయం శిఖరం మీద కలశం పొద్దు వాలి గుడంతా నీడపడ్డాక కూడా వెలుగుతోందని ఒక ఏడు జనం కొబ్బరికాయలు కొట్టడం మొదలుపెట్టారు. మామ్మగారూ కొట్టారు. కొట్టి, ప్రసాదం కళ్ళకద్దుకుని తిని, అప్పుడు చెప్పులు వేసుకున్నారు. అవతలి వీధిలో ఎవరో కొత్తగా పెట్టించుకున్న సోలార్ పలకల మీద పడిన ఎండ ఇటు కొడుతోందని మర్నాటికి తేల్చేశారు. కమిటీవాళ్ళు చాలాకాలం ఆవిడతో మాట్లాడలేదు. "దేవుడికేం కోపం రాలేదమ్మా, కమిటీకే వచ్చింది" అని, మళ్ళీ శనివారం యథాప్రకారం గుడికి వెళ్ళొచ్చారు.

ఆవిడకి భక్తి లేదనుకుంటే పొరపాటు. కార్తీకమాసం నెలంతా తెల్లవారకముందే కాలువ రేవులో స్నానం, దీపం. అమావాస్య వెళ్ళిన మర్నాడు పోలి పాడ్యమి. అరటి దొప్పల్లో దీపాలు వెలిగించి కాలువలో వదిలి, ఆ రోజు కథ చెప్పుకుంటారు. అత్తగారు ఇంట్లో బంధించి పోయినా, ఉన్నదాంట్లోనే దీపం పెట్టుకున్న చిన్నకోడలి కోసం విమానం దిగొచ్చిన కథ. ఆమె బొందితో స్వర్గానికి వెళుతుంటే అత్తగారూ తోడికోడళ్ళూ కాళ్ళు పట్టుకుని వేళ్ళాడతారు. మా రేవులో కథ చెప్పేది మామ్మగారే. చెబుతూ చెబుతూ మధ్యలో ఆపేసేవారు. "అత్తగారు కాలు పట్టుకోగలిగిందంటే విమానం ఎంత కిందనుంచి వెళ్ళుండాలి? మరి రేవులో ఉన్న మిగతావాళ్ళు చూసుండాలిగా? వాళ్ళేమన్నారో కథలో లేదేం?" అనేవారు. తడిబట్టల్లో వణుకుతున్న ఆడవాళ్ళు "ముందు అక్షింతలు వెయ్యండి మామ్మగారూ" అని మొత్తుకునేవారు.

ఎదురింటి అక్కయ్యగారి సంగతి ఇక్కడ చెప్పాలి. ఆవిడ భర్త లారీ డ్రైవరు. రావులపాలెం మార్కెట్లో అరటి గెలలు ఎత్తుకుని ఒరిస్సా దాకా వెళ్ళేవాడు, నెలలో సగం రోజులు ఇంట్లో ఉండేవాడు కాదు. ఒక్కతే కూతురు. డిగ్రీ అయ్యాక కాన్వెంటులో చిన్నపిల్లలకి పాఠాలు చెప్పేది. బండి నడపడం నా స్కూటీ మీదే నేర్చుకుంది. ఒక వానాకాలంలో ఆ పిల్లకి జ్వరం వచ్చింది. నేను ఆఫీసు శిక్షణకని ఊళ్ళో లేను. మామూలు జ్వరమే అనుకున్నారు. అది డెంగీ అని తెలిసి రాజమండ్రి తీసుకెళ్ళేసరికి ఆలస్యమైపోయింది. ఇరవై రెండేళ్ళ పిల్ల. ఆ తర్వాత అక్కయ్యగారు మనిషి మనిషిగా లేరు. ఏదో ఇంత ఉడకేసుకుని, సగం తిని, సగం కాకులకి పెట్టి, గుమ్మంలో కూర్చుండిపోయేవారు. కార్యాలు అయిన తర్వాత మామ్మగారు ఆ గుమ్మం ఎక్కడం మానేశారు. మోకాళ్ళ నొప్పులని చెప్పేవారు. వీధిలోనే నిలబడి పలకరించి వచ్చేసేవారు. నేనూ నొప్పులే అనుకున్నాను.

ఆ ఏడు పోలి పాడ్యమికి అక్కయ్యగారిని బతిమాలి రేవుకి తీసుకెళ్ళాం. అమ్మాయి పేరు మీద ఒక దొప్ప వదలమన్నాం. చీకటి ఇంకా విడలేదు, చంద్రుడు లేడు, కాలువ నిండా దీపాలు కదులుతున్నాయి. ఎవరో "పైన చూడండే" అని అరిచారు. నడినెత్తికి కాస్త పడమరగా ఎక్కడినుంచి పుట్టుకొచ్చిందో, ఒక వెలుగు బారు. దండ గుచ్చినట్టు ఒకదాని వెనక ఒకటి, చప్పుడు లేకుండా తూర్పుకి జరిగిపోతోంది. ఆ రోజున, ఆ వేళలో, ఆ రేవులో ఉన్న ఏ ఆడదాని నోటైనా ఏ మాట వస్తుందో ఆ మాటే వచ్చింది. "విమానం!"

అక్కయ్యగారు మోకాళ్ళలోతు నీళ్ళలోకి దిగిపోయారు. "వెళ్తోంది, నా తల్లి వెళ్తోంది. చూడండి, నా తల్లిని తీసుకెళ్తున్నారు" అంటూ రెండు చేతులూ ఎత్తేశారు. ఆ మొహంలో అంత సంతోషం నేను ఎన్నడూ చూడలేదు. అందరం ఏడ్చాం.

మామ్మగారు అలవాటుగా నా చెయ్యి చాపి, చెంప ఆనించి చూడబోయారు. అక్కయ్యగారి మాట చెవినపడి నా చెయ్యి వదిలేశారు.

ఎండెక్కేసరికి ఫోన్ల నిండా అదే. ఇంటర్నెట్టు కోసం ఎవరో ఒక్కసారిగా బోలెడన్ని ఉపగ్రహాలు వదిలారట. మొదటి రోజుల్లో అవి ఇలా బారులు తీరి తిరుగుతాయట. విషయం వీధంతా తెలిసింది, అక్కయ్యగారికి తప్ప. ఆవిడ ఫోను చూసే స్థితిలో లేరు. చాలా నెలల తర్వాత తలంటుకున్నారు, వాకిట్లో ముగ్గేశారు, పప్పూ చారూ వండుకుని కడుపునిండా తిన్నారు. ఇక అందరి భయమూ మామ్మగారి గురించే. పక్కింటివాళ్ళు వచ్చి, "ఈ ఒక్కదాన్నీ వదిలెయ్యండి మామ్మగారూ, పుణ్యముంటుంది" అని చెప్పి వెళ్ళారు. తాతగారు కొట్టుకి వెళుతూ వెళుతూ వెనక్కి వచ్చి, "ఏమేవ్, నోరు కట్టుకో" అన్నారు.

"నేనేమన్నాను?" అన్నారు మామ్మగారు. ఆ రోజు సాయంత్రం డాబా మీదికి రాలేదు. మర్నాడు వచ్చారు కానీ నా వంట సంగతి ఎత్తలేదు. ఎదురింటి వాకిట్లో ముగ్గుని చూస్తూ, "తింటోందిగా, పోన్లే" అన్నారు. కాసేపాగి మళ్ళీ అదే మాట అన్నారు. అబద్ధం మీద ఆవిడకున్న చిరాకూ, ఆ ముగ్గు మీదున్న సంతోషమూ రెండూ ఆ గొంతులో వినపడుతూనే ఉన్నాయి.

ఆ తర్వాతి రోజు తెల్లవారుజామున అక్కయ్యగారు కృతజ్ఞతగా ఇంకో దీపం వదిలి వద్దామని ఒక్కరే రేవుకి వెళ్ళారట. నేను ఆఫీసుకి బయల్దేరుతూ చూస్తే వాకిట్లో ముగ్గు లేదు, తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపలికి వెళితే గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. ఎంత పిలిచినా ఇటు తిరగలేదు. చివరికి గోడతోనే చెప్పారు.

"తిప్పి పంపేశారమ్మా. మొన్న ఒక్క బారుగా వెళ్ళింది. ఇవాళ మళ్ళీ వచ్చింది. విమానం చెదిరిపోయింది, దీపాలన్నీ విడివిడిగా ఎటో పోతున్నాయి. లోపలికి రానివ్వలేదు దాన్ని. నేను చేసిన పాపం దానికి తగిలింది."

అవి ఉపగ్రహాలండీ అన్నాను. ఆవిడ వినలేదు, లేదా వినపడలేదు. ఆ పూట పొయ్యి వెలగలేదు, మధ్యాహ్నం నేను పంపిన క్యారేజీ తెరవకుండానే తిరిగొచ్చింది.

సాయంత్రం మామ్మగారికి చెప్పాను. ఆవిడ తాతగారి వైపు తిరిగి "నోరు కట్టుకోమన్నారుగా, చూడండి" అని, నాతో "అవి మళ్ళీ ఎప్పుడొస్తాయో నీ ఫోన్లో తెలుస్తుందా?" అన్నారు. వెతికాను. మన ఊరి మీదికి ఏ వేళకి ఏ దిక్కున వస్తాయో తెలుస్తుంది. రేపు తెల్లవారుజామున మళ్ళీ ఉన్నాయన్నాను. మామ్మగారు వీధిలోకి వెళ్ళి ఎదురింటి గేటు బయటే నిలబడి కేకేశారు. "అమ్మాయ్, రేపు పొద్దున్న చీకటితో డాబా మీదికి రావాలి. నీతో పనుంది." గేటు గడియ టకటకా కొట్టి, "నువ్వు రాకపోతే నేను ఇక్కడే రోడ్డు మీద నిలబడతాను" అన్నారు.

అక్కయ్యగారు వచ్చారు. ఒళ్ళంతా శాలువా కప్పుకుని, డాబా మీద పిట్టగోడకి ఆనుకుని తల వంచుకుని కూర్చున్నారు. మామ్మగారు నా ఫోను చేతిలో పట్టుకుని టైము చూసుకుంటున్నారు.

"ఇదుగో అమ్మాయ్, ఇంకో పది నిమిషాల్లో అవి వస్తాయి. నేను ముందే చెబుతున్నాను, గుర్తుపెట్టుకో. ఆ ట్యాంకు పక్కనుంచి మొదలై అటు వెళ్తాయి" అన్నారు. అక్కయ్యగారు చెవులు మూసుకున్నారు.

చెప్పిన వేళకే వచ్చాయి. ఈసారి ఇంకా దూరం దూరంగా, ఒక్కొక్కటే, మసగ్గా. మామ్మగారు అక్కయ్యగారి చెయ్యి పట్టుకుని లేపి, ఆ చేతిని పైకి చాపి, తన చెంప ఆనించారు. "చూడు. ఇదొకటి. అదిగో రెండోది. బస్సు టైము చెప్పినట్టు చెప్పానా లేదా? ఇవి యంత్రాలమ్మా. ఫోన్ల కోసం ఎవరో పంపించుకున్నారు. రోజురోజుకీ ఒకదానికొకటి ఎడమవుతాయంట, వాటి తీరే అంత. మీ అమ్మాయి వీటిలో లేదు. మొన్నా లేదు, నిన్నా లేదు. దాన్ని ఎవ్వరూ తిప్పి పంపలేదు."

అక్కయ్యగారు చివరి వెలుగు తెల్లారే ఆకాశంలో కలిసిపోయేదాకా చూశారు. తర్వాత, "మరి అది వెళ్ళిందంటారా పిన్నిగారూ?" అన్నారు.

"నాకు తెలీదమ్మా" అన్నారు మామ్మగారు.

ఆవిడ నోట ఆ మాట నేను వినడం అదే మొదలు. అక్కయ్యగారు శాలువా సర్దుకున్నారు. గొంతులో కోపం తెలుస్తూనే ఉంది. "మొన్నే ఎందుకు చెప్పలేదు? అన్నీ చెప్పేవారుగా. గుడి కలశం సంగతి కూడా చెప్పారుగా. మొన్నే చెప్పుంటే నిన్న నాకు ఆ నరకం ఉండేది కాదుగా."

"అందరూ వద్దన్నారు. నాకూ నీ మొహం చూశాక నోరు రాలేదు."

అక్కయ్యగారు మళ్ళీ కూర్చుండిపోయారు. "అది జ్వరమని పడుకుంటే నేనేమన్నానో తెలుసా పిన్నిగారూ? జ్వరమేగా అన్నాను. స్కూలు ఎగ్గొట్టడానికి వేషాలన్నాను. ఒళ్ళు కూడా ముట్టుకుని చూడలేదు మొదటి రోజు."

ఇలాంటప్పుడు ఎవరైనా చెప్పే మాటలు నా నోటిదాకా వచ్చాయి. నీ తప్పేం లేదని, దాని ఆయుష్షు అంతేనని. మామ్మగారు చేత్తో నన్ను ఆపారు.

"నువ్వు మా గుమ్మంలోకి వచ్చి చెప్పావు, పిల్లకి జ్వరమని. నేనేం చేశాను? కుర్చీలోంచి లేవకుండానే మిరియాల కషాయం పెట్టివ్వు, అందరికీ వస్తున్నాయి, అదే పోతుందన్నాను. ఎక్కడో చేలో దీపం కనపడితే ఈ అమ్మాయి ప్రాణం తీసి బండెక్కి పోయేదాన్ని. ఎదురిల్లే. నాలుగడుగులు. వచ్చి నీ పిల్ల ఎలా ఉందో చూడలేదే నేను. చూసుంటే నాకైనా తెలిసేదేమో, తెలిసేది కాదేమో. చూడలేదు. అందుకే మీ గుమ్మం ఎక్కడానికి మొహం చెల్లడం లేదు" అన్నారు. అని, పిట్టగోడ పట్టుకుని ఏడ్చారు. చీర కొంగు అడ్డం పెట్టుకోవడం కూడా తెలియనట్టు ఏడ్చారు. మోకాళ్ళ నొప్పులు కావని నాకు అప్పుడు అర్థమైంది.

అక్కయ్యగారు లేచి, తన శాలువా తీసి ఆవిడకి కప్పారు. "మంచు పడుతోంది, దగ్గొస్తుంది మీకు. పదండి కిందికి" అన్నారు. ఒక చేత్తో మామ్మగారి నడుం పట్టుకుని, ఒక్కో మెట్టూ చెప్పి చెప్పి దింపారు. వీధిలోకి రాగానే మామ్మగారు తన గేటు వైపు తిరగబోతే "అటు కాదు, మా ఇంటికి. కాఫీ పెడతాను" అని రోడ్డు దాటించారు.

మామ్మగారు ఆ గడప దగ్గర ఒక్క క్షణం ఆగి లోపలికి అడుగుపెట్టారు. వంటింట్లో పొయ్యి వెలిగిన చప్పుడు వినపడింది. నేను గుమ్మంలోనే ఉండిపోయాను. మామ్మగారు తిన్నగా గోడ మీదున్న ఆ అమ్మాయి ఫొటో దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. కొత్త చీరలో, కాన్వెంటు వార్షికోత్సవం నాడు తీసిన ఫొటో. రెండు గ్లాసులతో వచ్చిన అక్కయ్యగారు పక్కన నిలబడి పిలిచేదాకా ఆవిడ ఆ పిల్లని చూస్తూనే ఉన్నారు.